ఫిలిప్పీన్స్‌లో తుఫాను కాలం: సిగ్నల్ నంబరు గాలి సంగతే చెబుతుంది

మనీలా, సెబూ, దావోల్లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు, ఊళ్లో టీవీ చూసి హడలిపోయే వాళ్ల అమ్మానాన్నలు ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. మన కోస్తాలో తుఫాను భయం ప్రధానంగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, ఒక్కోసారి మే నెలలో. ఫిలిప్పీన్స్‌లో ఏ నెలలోనైనా రావచ్చు. అక్కడి వాతావరణ సంస్థ పగాసా తన పరిధిగా గీసుకున్న సముద్రంలోకి ఏటా సుమారు 20 తుఫాన్లు వస్తాయి, వాటిలో ఎనిమిదో తొమ్మిదో నేల మీదికి ఎక్కుతాయి. జులై నుంచి అక్టోబరు వరకు ఒత్తిడి ఎక్కువ.

దేశమంతటా ఒకే కాలం నడవదు. పడమటి వైపున్న మనీలాలో జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తర్వాత మే వరకు పొడి. తూర్పు ఒడ్డున సమర్, సురిగావ్ వైపు పొడికాలమే ఉండదు. 'అమిహాన్' అనే ఈశాన్య గాలులు వీచే డిసెంబరు, జనవరుల్లోనే అక్కడ కుండపోత. దావోలో ఏడాది పొడవునా కొంచెం కొంచెం. తుఫాన్ల దారి కూడా జరుగుతూ ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఎక్కువగా ఉత్తరాన ఉన్న పెద్ద దీవి లుజోన్ ఉత్తర కొస మీదుగా పోతాయి, ఏడాది చివరికి సెబూ ఉన్న మధ్య దీవులు విసాయాస్, దావో ఉన్న దక్షిణ దీవి మిండనావో దాకా దిగుతాయి. 2012 డిసెంబరులో పాబ్లో తుఫాను దావో ఓరియంటల్ రాష్ట్రాన్ని కొట్టింది. 2021 డిసెంబరులో ఒడెట్ సెబూను వారాల తరబడి చీకట్లో ఉంచింది. 'దావోకు తుఫాను రాదు' అని ఏజెంట్లు చెప్పేది చాలావరకు నిజమే కానీ, డిసెంబరులో ఆ మాట నమ్ముకుని నిద్రపోకూడదు.

సిగ్నల్‌ను ఎలా చదవాలి

పగాసా సిగ్నళ్లు అయిదు. 1 అంటే గంటకు 39–61 కిలోమీటర్ల గాలి, 2 అంటే 62–88, 3 అంటే 89–117, 4 అంటే 118–184, 5 అంటే 185, ఆపైన. మొదటిసారి సిగ్నల్ 1 వేసేటప్పటికి ఆ గాలి రావడానికి 36 గంటల దాకా వ్యవధి ఉంటుంది. బయట ఎండ కాస్తుంటుంది, సిగ్నల్ అబద్ధమనిపిస్తుంది. సరుకులు తెచ్చుకోవలసిన సమయం సరిగ్గా అదే. 4, 5 సిగ్నళ్లకు మిగిలేది 12 గంటలే, అప్పటికి దుకాణాల్లో నీళ్ల సీసాలుండవు.

ఇక అసలు పొరపాటు. ఆ నంబరు గాలి గురించి మాత్రమే. వాన గురించి, వరద గురించి అది ఏమీ చెప్పదు. 2009 సెప్టెంబరు 26న మనీలాను ముంచిన ఒండోయ్ గాలిలో పెద్ద తుఫానే కాదు. కానీ మనీలాను ఆనుకుని ఉన్న కెసోన్ సిటీలో 24 గంటల్లో 455 మిల్లీమీటర్లు కురిసింది. 2024 జులైలో కరీనా అసలు ఫిలిప్పీన్స్ నేలనే తాకలేదు. దూరంగా తైవాన్ వైపు పోతూ 'హబాగాట్' అనే నైరుతి గాలిని ఊడ్చి లాక్కొచ్చింది, మనీలా మునిగింది. అందుకని వాన హెచ్చరిక రంగును విడిగా చూడండి: పసుపు గంటకు 7.5–15 మిల్లీమీటర్లు, నారింజ 15–30, ఎరుపు 30కి పైన. మరికినా నది దగ్గర ఉండేవాళ్లకు ఇంకో కొలత ఉంది. నీటిమట్టం 15 మీటర్లకు మొదటి హెచ్చరిక, 16కు ఇల్లు వదలాలి, 18కి బలవంతంగా పంపిస్తారు.

అన్నిటికంటే ప్రమాదం ఉప్పెన. 2013 నవంబరు 8న యోలాండా వచ్చినప్పుడు 'స్టార్మ్ సర్జ్' అన్న ఇంగ్లిష్ మాట లేటే దీవిలోని టక్లోబాన్ నగరంలో చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని ఉంటే పారిపోయేవాళ్లమని తర్వాత వాపోయారు. 1977 దివిసీమ గురించి విన్న తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు, ఉప్పెన అంటే చాలు. టక్లోబాన్ ఇరుకైన అఖాతం కొసన ఉంది. మొదట ఒడ్డు నుంచి వీచిన గాలి నీటిని సముద్రంలోకి నెట్టింది, తుఫాను కన్ను (నడిమధ్య భాగం) దాటుతూ గాలి దిశ మారగానే ఆ సముద్రమంతా గరాటులోకి వచ్చినట్టు ఊరి మీద పడింది. తుఫానులో సముద్రం వెనక్కి పోయిందంటే చూడ్డానికి వెళ్లవద్దు. ఉప్పెన హెచ్చరిక ఉంటే, గోడలు ఎంత గట్టివైనా తీరంలోని కింది అంతస్తు పనికిరాదు.

మే నెలలోనే చేయాల్సినవి

గది తీసుకునేముందు యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ వాళ్ల 'నోవా' (NOAH) ఆన్‌లైన్ మ్యాపులో ఆ వీధి పేరు కొట్టి వరద, ఉప్పెన, కొండచరియలు మూడూ చూడండి. అద్దె తక్కువని కింది అంతస్తు తీసుకోవడం దండగ. మీ బరంగాయ్ (మన వార్డు లాంటిది) తరలింపు కేంద్రం ఏ బడిలోనో, ఏ బాస్కెట్‌బాల్ కోర్టులోనో ఒకసారి నడిచి వెళ్లి చూసి రండి.

మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున, అయిదు రోజులకు ఒక 5 గ్యాలన్ల క్యాన్ నీళ్లు సరిపోతాయి. వాడుక నీళ్లు వేరే. కాండోల్లో (అపార్ట్‌మెంట్లలో) కరెంటు పోతే (అక్కడ దాన్ని బ్రౌన్‌అవుట్ అంటారు) పంపు ఆగుతుంది, కాబట్టి బకెట్లన్నీ నింపాలి. ఇండక్షన్ స్టవ్ అప్పుడు ఉత్త పలకే. చిన్న డబ్బాతో వెలిగే బ్యూటేన్ స్టవ్ మంచిది కానీ, కిటికీలు మూసిన గదిలో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. నిజానికి అటుకులు, వేరుశనగలు, బెల్లం, పచ్చడి సీసా ఉంటే పొయ్యి అవసరమే తక్కువ. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఫోన్‌ను రెండున్నర, మూడుసార్లు నింపుతుంది. ఇద్దరున్న గదిలో ఒకరిది గ్లోబ్ సిమ్, ఇంకొకరిది స్మార్ట్ సిమ్ ఉండాలి. నెట్‌వర్క్ పోతే ఫోన్‌తో డబ్బు కట్టే జీక్యాష్ యాప్ పోయినట్టే, ఏటీఎం కూడా అంతే. నాలుగైదు వేల పెసోలు చిన్న నోట్లలో దాచండి, వెయ్యి నోటుకు ఎవరూ చిల్లర ఇవ్వరు. పాస్‌పోర్టు, ఏసీఆర్ కార్డు (విదేశీయుల గుర్తింపు కార్డు) రెండు ప్లాస్టిక్ సంచుల్లో, ఒకదానిలో ఒకటి పెట్టి.

గాలి మొదలయ్యాక

అద్దాలకు ఇంటూ గుర్తులా టేపు వేస్తే అద్దం బలపడదు, పెద్ద ముక్కలుగా ఊడిపడుతుంది. పరుపు కిటికీకి దూరంగా లాగి, కిటికీ లేని బాత్రూములోనో లోపలి నడవాలోనో ఉండండి. పడమటికి పోయే తుఫాను మీ మీదుగా వెళితే ముందు ఉత్తరపు గాలి, కన్ను దాటాక దక్షిణపు గాలి. మధ్యలో కాసేపు నిశ్శబ్దం, ఒక్కోసారి ఆకాశం కూడా కనిపిస్తుంది. అప్పుడు వీడియోలకు బయటికి వెళ్లినవాళ్లే దెబ్బతింటారు. ఆ వ్యవధిలో దక్షిణపు గది నుంచి సామాను జరపండి, ఆ వైపు కిటికీలు చూడండి. గదిలోకి నీళ్లు వచ్చేలా ఉంటే అవి చేరకముందే, ఒళ్లు పొడిగా ఉండగానే కరెంటు మెయిన్ కట్టేయండి.

సిగ్నల్ పడితే కోస్ట్ గార్డ్ ఓడలను ఆపేస్తుంది. సెలవులకు దీవి మారేవాళ్లు రేవులో రోజుల తరబడి చిక్కుకుంటారు. 'వలాంగ్ పసోక్' (క్లాసులు లేవు) అని మేయర్ ప్రకటించిన రోజు బీచ్‌కు పోయే రోజు కాదు. ప్రమాదంలో ఉంటే 911.

అమ్మానాన్నలకు రెండు మాటలు. మన టీవీలో వినిపించే పేరు వేరు, అక్కడి పేరు వేరు: హైయాన్, యోలాండా ఒకటే. మనీలాకూ దావోకూ దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం, కాబట్టి 'ఫిలిప్పీన్స్‌లో తుఫాను' అనగానే ఫోన్ చేయకుండా ఏ దీవో చూడండి. తుఫాను దగ్గరపడితే పగాసా బులెటిన్ మూడు గంటలకోసారి వస్తుంది. అక్కడ ఉదయం 11 అంటే మనకు 8:30. ముందే టైం అనుకుని రోజుకు ఒక్క మెసేజ్ చాలు, బ్యాటరీ మిగులుతుంది.

నీళ్లు తగ్గాక

వరద నీటిలో నడవక తప్పకపోతే బూట్లు వేసుకోండి, కర్రతో నేల తడుముతూ వెళ్లండి. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ కనిపించదు. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీరు కాలి గాట్లలోంచి లెప్టోస్పైరోసిస్ తెస్తుంది. నడిచిన ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును అడిగి డాక్సీసైక్లిన్ సంగతి తేల్చుకోవాలి. మెడిసిన్ చదువుతున్నామని సొంతంగా మింగవద్దు. వారం, పది రోజుల తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబారడం కనిపిస్తే, వరదలో నడిచిన తేదీని ఆస్పత్రిలో మొదటి మాటగా చెప్పండి. అది చెప్పకపోతే డెంగ్యూ అనుకుంటారు, ఎందుకంటే అదీ ఆ వానల్లోనే వస్తుంది.