పాత సైట్ జోలికి వెళ్లకుండా సబ్‌డొమైన్‌లో నోడ్ యాప్

తెనాలిలో మా బాబాయి వాళ్ల ఫంక్షన్ హాల్‌కి వర్డ్‌ప్రెస్ సైట్ ఎప్పటి నుంచో ఉంది. షేర్డ్ హోస్టింగ్‌లో బాగానే నడుస్తోంది. ఏ ముహూర్తానికి హాల్ ఖాళీగా ఉందో చూపించే బుకింగ్ యాప్ మాత్రం నేను నోడ్‌జేఎస్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) రాశాను. ఇలాంటి యాప్‌ను పాత సైట్ ఫోల్డర్లలో ఇరికించాలని చూడొద్దు. పీహెచ్‌పీ ఫైల్‌లా అప్‌లోడ్ చేసి వదిలేస్తే నడవదు, అది ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన ప్రోగ్రామ్. చిన్న వీపీఎస్ (విడిగా అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) తీసుకుని, ఒక్క సబ్‌డొమైన్‌ను (సైట్ పేరుకు ముందు ఇంకో పేరు చేర్చిన అడ్రస్) మాత్రం దానివైపు తిప్పండి. పాత సైట్ ఉన్నచోటే ఉంటుంది.

ముందు డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరును సర్వర్ ఐపీ అడ్రస్‌కి కలిపే వ్యవస్థ. ‘బుకింగ్’ పేరుతో ఒక ‘A’ రికార్డు (పేరుకు ఐపీ చెప్పే ఎంట్రీ) చేర్చి వీపీఎస్ ఐపీ ఇవ్వండి. నేమ్‌సర్వర్లు మార్చక్కర్లేదు. మెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్ రికార్డులను అసలు ముట్టుకోవద్దు.

వీపీఎస్‌లో నోడ్ ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే) వెర్షన్ వేసి, మామూలు యూజర్‌తోనే యాప్ నడపండి. 80, 443 పోర్టులకు లినక్స్‌లో మామూలుగా రూట్ (పూర్తి అధికారమున్న యూజర్) అనుమతి కావాలి కాబట్టి కొందరు యాప్‌నే రూట్‌తో నడిపేస్తారు. ఆ అవసరమే లేదు. యాప్ 3000 పోర్టులో, అదీ 127.0.0.1 (ఆ మెషీన్ లోపలివాటికే అందే అడ్రస్) మీద మాత్రమే వినాలి. లిజన్ ఫంక్షన్‌కి పోర్టు ఒక్కటే ఇస్తే నోడ్ మెషీన్‌కున్న అన్ని అడ్రస్‌ల మీదా వింటుంది. ఫైర్‌వాల్ అడ్డు లేకపోతే ఎవరైనా ఐపీ పక్కన 3000 కొట్టి, హెచ్‌టీటీపీఎస్ లేకుండా నేరుగా లోపలికి వచ్చేస్తారు. పెళ్లివాళ్ల ఫోన్ నంబర్లున్న యాప్ ఇది, ఈ విషయంలో నేను రాజీపడను. ఫైర్‌వాల్‌లో కూడా 22 (మనం సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు), 80, 443 తప్ప అన్నీ మూసేయండి.

యాప్ పడిపోయినా తిరిగి లేపడానికి పీఎం2 అనే ప్రాసెస్ మేనేజర్ వాడతాను. స్టార్టప్ కమాండ్ ఇస్తే అది ఇంకో కమాండ్ చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి నడిపి, సేవ్ కమాండ్ ఇస్తేనే రీబూట్ తర్వాత యాప్ తనంతట తాను లేస్తుంది.

బయటివాళ్లకు కనిపించాల్సింది ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, వచ్చిన రిక్వెస్టులను అది యాప్‌కి అందిస్తుంది. కొత్త సర్వర్ బ్లాక్‌లో సర్వర్ నేమ్‌గా సబ్‌డొమైన్ పూర్తి పేరు, ప్రాక్సీ పాస్‌గా 127.0.0.1, పోర్టు 3000 ఇవ్వండి. హోస్ట్ హెడర్‌నూ, వచ్చినవాళ్ల ఐపీనీ, ఒరిజినల్ ప్రోటోకాల్‌నూ యాప్‌కి పంపండి. నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ వాడుతుంటే ‘ట్రస్ట్ ప్రాక్సీ’ సెట్టింగ్ 1 చేయండి. అది లేక సెక్యూర్ కుకీలు సెట్ కావు, లాగిన్ నిలవదు, మనమేమో లోపం పాస్‌వర్డ్ చూసే కోడ్‌లో ఉందని వెతుకుతూ కూర్చుంటాం. ఫొటోలు అప్‌లోడ్ చేసే యాప్ అయితే ఎన్‌జిన్‌ఎక్స్‌లో బాడీ సైజు (ఒక్కసారి పంపే డేటా) పరిమితి పెంచండి, మామూలుగా 1 ఎంబీయే ఉంటుంది, దాటితే 413 ఎర్రర్ వస్తుంది. రీలోడ్‌కి ముందు కాన్ఫిగ్ టెస్ట్ చేయడం మరవద్దు.

సబ్‌డొమైన్ కొత్త ఐపీకి తిరిగిందని చూసుకున్నాకే సర్ట్‌బాట్ (హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తెచ్చే టూల్) నడపండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది, రెన్యూవల్ కూడా సర్ట్‌బాటే చూసుకుంటుంది.

502 ఎర్రర్ కనిపిస్తే టెన్షన్ పడొద్దు. ఎన్‌జిన్‌ఎక్స్ బాగానే ఉంది, దాని వెనక యాప్ పలకడం లేదని అర్థం. పీఎం2 లాగ్స్ చూడండి, తర్వాత పోర్టు నంబర్ సరిచూడండి. అసలు పేజీయే తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్ వైపు వెళ్లండి.

అన్నీ కుదిరాక వీపీఎస్‌ను ఒకసారి రీబూట్ చేసి, ఫోన్‌లో మొబైల్ డేటాతో సబ్‌డొమైన్ తెరవండి. తెరుచుకుంటే లింక్‌ను వర్డ్‌ప్రెస్ మెనూలో పెట్టేయొచ్చు.