పాత పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే

పాత పుస్తకం వివరాలకు అమ్మకం సైట్లను నమ్ముకోవద్దు. తిరుపతిలో మా ఇంట్లో అన్నమయ్య సంకీర్తనల సంపుటం ఒకటుంది. అట్ట, మొదటి పేజీలు ఊడిపోయాయి. ఒక సైట్‌లో చూస్తే పునర్ముద్రణ సంవత్సరం ఇచ్చారు, సంపాదకుల పేరే లేదు. పరిష్కరించింది ఎవరో తెలియకపోతే ఆ పాఠాన్ని దేనితో పోల్చుకుంటాం?

ముందు వరల్డ్‌క్యాట్ అనే సైట్‌లో వెతకండి. వేలాది లైబ్రరీల కేటలాగులు ఒక్కచోటే ఉంటాయి. తెలుగు పేర్లను అక్కడ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు కాబట్టి స్పెల్లింగు మార్చి మార్చి చూడాలి. ‘సంకీర్తనలు’లో సున్నాకు ఒకసారి ఎమ్, ఒకసారి ఎన్ పెట్టండి. నాకు రెండోసారికి దొరికింది.

తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్, అంటే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ. పాత పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టు స్కాన్లు బోలెడు అక్కడున్నాయి. ఆ సైట్‌లో స్కాన్‌కు పెట్టిన పేరు, సంవత్సరం తప్పుండొచ్చు. అందుకే స్కాన్ తెరిచి ముఖపత్రం (అట్ట లోపల పుస్తకం పేరు వేసే పేజీ), దాని వెనక పేజీ మీ కళ్లతో చదవండి. ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఏ ప్రెస్, వెల ఎంత అన్నవి మన పాత పుస్తకాల్లో ఎక్కువగా అక్కడే వేసేవారు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. టీటీడీ ప్రచురణలు చాలావరకు వాళ్ల ఈ-బుక్స్ సైట్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, కనిపించలేదని టెన్షన్ పడకండి. ఆ పద్ధతి 1970లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అంతకుముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ నంబరు ఉండదు.