చేతిబండ్ల దారిలో దంపతుల సేవ: ఎలా సిద్ధం కావాలి?

తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్ళే విశ్రాంత ఉద్యోగుల జంటలు మనకు కొత్త కాదు. కొద్ది రోజులు క్యూలో ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు, అన్నం అందించి ఇంటికి తిరిగి వస్తారు. మోర్మన్లు అని లోకం పిలిచే కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘంలోనూ పెద్ద వయసు దంపతులకు ఇలాంటి సేవ ఉంది. కాకపోతే అది రోజుల లెక్క కాదు, 6 నుంచి 23 నెలలు. ఈ సంఘం భారతదేశంలో తన మొదటి స్టేకును, అంటే స్థానిక సంఘాల సముదాయాన్ని, 2012లో హైదరాబాదులోనే ఏర్పాటు చేసింది. కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఆ సంఘ సభ్యులూ ఉండవచ్చు. మిగతావాళ్ళకు ఆ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఉదాహరణకు అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో మార్టిన్స్ కోవ్‌ను తీసుకుందాం. 1856లో చేతిబండ్లు లాక్కుంటూ వచ్చిన ఈ సంఘపు వలసదారులు మంచులో తలదాచుకున్న కొండమూల అది. సేవకు వెళ్ళిన దంపతులు అక్కడి సందర్శకులకు ఆ కథ చెబుతారు.

1. ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి

ఉద్యోగం చేసిన రోజుల్లో దంపతులు పగలంతా చెరో చోట ఉంటారు. ఇక్కడ పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఒకరి పక్కన ఒకరు. ఆయన కథ చెబుతుంటే ఆమె మధ్యలో తప్పు దిద్దుతుంది, అదీ సందర్శకుల ముందు. ఎవరు మాట్లాడాలి, ఎవరు ఊరుకోవాలి అన్నది ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరడం మంచిది. మనవల పుట్టినరోజులు, ఇంటి తాళాలు, మందుల చీటీలు ఆ తరువాతి సంగతులు.

2. దరఖాస్తు, డబ్బు

జీతం ఉండదు. తిండి, ప్రయాణం, ఆరోగ్య బీమా ఖర్చు మీదే. పెంచవలసిన చిన్నపిల్లలు ఇంట్లో ఉండకూడదు. బిషప్‌తో (స్థానిక సంఘ పెద్దతో), ఆపైన స్టేకు అధ్యక్షుడితో ముఖాముఖి ఉంటుంది. వైద్యుడి నివేదిక, దంతవైద్యుడి నివేదిక జత చేయాలి. ఎక్కడ, ఎంతకాలం సేవ చేయగలరో మీ ఇష్టం రాయవచ్చు, కానీ చివరి మాట సంఘానిది. విదేశం నుంచి వెళ్ళేవాళ్ళు వీసా విషయం దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు దాచిపెట్టకండి. ఆ చోటు దాదాపు 6,000 అడుగుల ఎత్తున ఉంది. కాస్త పెద్ద పట్టణమైన కాస్పర్‌కు వెళ్ళాలంటే దాదాపు 55 మైళ్ళు.

3. కథను లెక్కలతో నేర్చుకోండి

అసలు పని ఇదే, కాబట్టి దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. 1856లో యూరప్ నుంచి వచ్చిన ఈ సంఘపు పేద వలసదారులు అయోవా సిటీలో రైలు దిగి, సుమారు 1,300 మైళ్ళ దూరంలో, తమ సంఘం అప్పటికే స్థిరపడిన సాల్ట్ లేక్ లోయకు చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. మన కూరగాయల తోపుడుబండిలా నాలుగు చక్రాలు కాదు, రెండే. ముందున్న అడ్డకర్రను పట్టుకుని లాగాలి. ఆలస్యంగా బయలుదేరిన విల్లీ, మార్టిన్ బృందాల బండ్లను ఆరని పచ్చి కొయ్యతో హడావిడిగా చేశారు. ఎండకు కొయ్య ముడుచుకుపోయి చక్రాలు వదులయ్యాయి. ఇరుసులకు కందెన లేక కొందరు తినే పందిమాంసపు కొవ్వునూ, సబ్బునూ పూశారు.

పెద్దవాళ్ళకు తలా 17 పౌండ్ల సామాను అనుమతి. అంటే మన విమానాల్లో చేతిసంచికి ఇచ్చే 7 కిలోలకు కాస్త ఎక్కువ. దుప్పట్లు, బట్టలు, గిన్నెలు అన్నీ అందులోనే. మార్టిన్ బృందం అక్టోబరు 17న దాన్నీ 10 పౌండ్లకు కుదించి, ఆ బరువుకు మించిన దుప్పట్లను తగలబెట్టింది. సరిగ్గా రెండు రోజులకు, అక్టోబరు 19న, నార్త్ ప్లాట్ నది దాటుతుండగా మంచు తుఫాను మొదలైంది. ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పి ఆగండి. మీరు ఇంకేమీ కలపనక్కరలేదు.

సాల్ట్ లేక్ నుంచి వచ్చిన సహాయక బండ్లు వాళ్ళను కలుసుకున్నాక, నవంబరు మొదట్లో మార్టిన్ బృందం ఈ కొండమూలలో తలదాచుకుంది. రెండు బృందాల్లో కలిపి 200 మందికి పైగా చనిపోయారు.

విల్లీ బృందంలో లీవై సావేజ్ అనే ఆయన, ఇంత ఆలస్యంగా వెళితే ముసలివాళ్ళూ పిల్లలూ చనిపోతారని ఆగస్టులోనే కన్నీళ్ళతో చెప్పాడు. ఎవరూ వినలేదు. అయినా వాళ్ళతోనే నడిచాడు. అంతకు మూడేళ్ళ ముందు ఆయన మత ప్రచారానికి కలకత్తాలో ఓడ దిగి, అక్కడి నుంచి బర్మా వెళ్ళాడు. మన వైపు నుంచి వచ్చిన సందర్శకులకు ఈ సంగతి చెప్పి చూడండి, ముఖాలు విప్పారుతాయి.

4. కథను పెంచకండి

మార్టిన్ బృందం ఈ మూలకు చేరేముందు దాటిన స్వీట్‌వాటర్ నదిలో, సహాయానికి వచ్చిన ముగ్గురు యువకులు దాదాపు అందరినీ మోసి దాటించారనీ, ఆ చలి కారణంగా ముగ్గురూ చనిపోయారనీ ఒక కథ చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి మోసింది ఆ ముగ్గురే కాదు, ఇంకొందరూ ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు 1872లో, ఒకరు 1883లో, ఒకరు 1896లో పోయారు. అసలు జరిగిందే తక్కువ సాహసం కాదు. సందర్శకుడు పాత కథే చెప్పమని పట్టుబడితే వాదించకుండా ఈ సంవత్సరాలు చెప్పండి చాలు. బృందం ఆగింది సరిగ్గా ఈ మూలలోనేనా అనీ అడుగుతారు. చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని దాచకుండా చెప్పడమే మర్యాద.

ఇక్కడికి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఉపన్యాసం వద్దు. బండి లాగనివ్వండి. ఇసుకలో చక్రం దిగబడి నలుగురూ రొప్పుతున్నప్పుడు వాళ్ళే ప్రశ్నలు వేస్తారు.

5. చీపురు కూడా మీదే

రోజంతా కథ చెప్పడమే ఉంటుందనుకుంటే పొరపాటు. సన్ అనే పశుపోషక కుటుంబపు పాత రాంచ్ (పశువుల క్షేత్రం) ఇంటిలో సందర్శకుల కేంద్రం ఉంది. దాన్ని ఊడవాలి, మరుగుదొడ్లు కడగాలి, తిరిగివచ్చిన బండ్ల చక్రాలు చూడాలి. చేతిలో వడ్రంగం, కుళాయి మరమ్మతు ఉన్న భర్తకు అక్కడ మంచి గిరాకీ. ట్రాక్టరు నడపగల భార్యకు అంతకంటే ఎక్కువ.

6. సామాను

బాగా తొడిగి పాదానికి అలవాటైన బూట్లు, వేసవి అయినా స్వెట్టరు, పెదవులకు వెన్నలాంటి పూత. ఊరగాయ సీసా పెట్టుకుంటే మూత గట్టిగా బిగించండి. ఎత్తైన చోట గాలి ఒత్తిడి తగ్గి నూనె బయటకు వస్తుంది. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు కుట్టించుకోండి. ఆ లోయలో గాలి మధ్యాహ్నానికి లేచిందంటే, కథ సగంలో ఉండగా టోపీ వెంట మీరు పరుగెత్తాలి.