నడుము నొప్పి నుంచి నేను తేరుకున్న విధం

అనంతపురంలోని ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నాకు, గత వేసవిలో నైట్ డ్యూటీ ముగించుకొని బస్సు ఎక్కబోతుండగా కుడి కాలు మెట్టు మీదికి లేవలేదు. నడుములో మొదలైన నొప్పి పిక్క దాకా పాకింది. మాత్రలతో రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చేది.

రోగిని ఎలా జరుపుతానో చేసి చూపమని ఫిజియోథెరపిస్టు అడిగినప్పుడు తప్పు బయటపడింది. కిందికి జారిన రోగిని, చంకల కింద చేతులు వేసి, నడుము వంచి, పక్కకు తిరుగుతూ ఒక్కదాన్నే పైకి లాగేదాన్ని. చేతులతో రోగిని ఎత్తవలసి వస్తే 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు మించరాదని అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లోనే సూచించారు. మా రోగుల్లో చాలామంది అరవై కిలోలకు తగ్గరు.

ఇప్పుడు రోగి కింద, భుజాల నుంచి తుంటి వరకు మడత దుప్పటి పరిచి, మంచం తలవైపును చదును చేసి, దుప్పటి అంచులను రోగి ఒంటికి దగ్గరగా చుట్టి, చెరోవైపు పట్టుకొని, మోకాళ్లు వంచి, ఎత్తకుండా జరుపుతాం. “అక్కా, ఒక చెయ్యి వెయ్యి” అని ఆయాను పిలవడానికి ఇంతకుముందు మొహమాటపడేదాన్ని, ఇప్పుడు పడను. డ్రెస్సింగులు స్టూలు మీద కూర్చొని చేస్తాను.

మూడు నెలల్లో పిక్క నొప్పి పోయింది. వరుస నైట్ డ్యూటీల తరువాత నడుము ఇంకా బిగుస్తుంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే డాక్టరును కలవాలి.