లిపిడ్ రేణువులు కణంలోకి చేరినా జన్యువు పనిచేయకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: జన్యుపదార్థాన్ని కణంలోకి మోసుకెళ్లే, ఫ్లోరసెంట్ రంగు కట్టిన లిపిడ్ (కొవ్వు) నానోరేణువులు సూక్ష్మదర్శినిలో కణాల లోపల స్పష్టంగా కనిపిస్తున్నాయి, అయినా ఆశించిన ప్రోటీన్ తయారవడం లేదు.

కారణం: ఆ వెలుగు కణద్రవ్యమంతా పరచుకోకుండా చుక్కలుగానే నిలిచిపోతే, రేణువులు ఎండోసోమ్‌లలో (కణం బయటి పదార్థాన్ని లోపలికి తీసుకునే పొర సంచులలో) చిక్కుకున్నాయేమోనని మొదట అనుమానించాలి. ఈ రేణువులు చాలావరకు కణం పైపొరతో నేరుగా కలిసిపోవు; కణమే వాటిని తన పొరతో చుట్టి లోపలికి తీసుకుంటుంది కనుక, అసలైన కలయిక ఆ ఎండోసోమ్ గోడ దగ్గర జరగాలి. ఎండోసోమ్ లోపల ఆమ్లత్వం పెరిగేకొద్దీ రేణువులోని అయనీకరణ లిపిడ్లు (ఆమ్లత్వాన్ని బట్టి ఆవేశం మారేవి) ధనావేశం పొంది, గోడలోని రుణావేశ లిపిడ్లతో జతకడతాయి. ఆ జతలు శంకువు ఆకారంలో ఉండడం వల్ల రెండు వరుసల పొర అమరిక చెదిరి, తలకిందులైన షడ్భుజ దశ (లిపిడ్లు గొట్టాలుగా మారి ఆరు కోణాల జాలంలా పేర్చుకునే అమరిక) ఏర్పడి, జన్యుపదార్థం బయటికి రాగలుగుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలపై 2013లో వెలువడిన కొలతల ప్రకారం ఇలా బయటపడేది 1 నుంచి 2 శాతమే. అందుచేత ఎంత లోపలికి చేరిందన్నది చూసి తృప్తిపడడం తగదు.

పరిష్కారం: ముందుగా అయనీకరణ లిపిడ్ పీకేఏ విలువను (ఏ పీహెచ్ దగ్గర ఆ లిపిడ్ అణువుల్లో సగం ధనావేశంతో ఉంటాయో తెలిపే సంఖ్యను) పరిశీలించాలి. కాలేయానికి ఆర్‌ఎన్‌ఏ చేర్చే రేణువులలో 6.2 నుంచి 6.5 వరకు ఉన్నవి బాగా పనిచేశాయి. 2018లో ఆమోదం పొందిన పాటిసిరాన్ మందులోని ఎంసీ3 లిపిడ్‌కు ఇది సుమారు 6.4. ఆ తర్వాత సహాయక లిపిడ్‌ను (రేణువు నిర్మాణానికి తోడ్పడే మరో లిపిడ్‌ను) మార్చి చూడాలి: స్తంభాకారపు డీఎస్‌పీసీ పొరను స్థిరంగా ఉంచుతుంది, శంకువు ఆకారపు డోప్ కలయికకు తోడ్పడుతుంది. రేణువు పైభాగాన్ని కప్పే పెగ్ లిపిడ్ తోకలో 18 కర్బనాలుంటే అది రేణువును త్వరగా వదలక కలయికకు అడ్డుపడుతుంది కాబట్టి, 14 కర్బనాలది మేలు. ఎండోసోమ్ నుంచి బయటపడడానికి తోడ్పడే క్లోరోక్విన్ అనే మందు చేర్చినప్పుడు ప్రోటీన్ పెరిగితే అడ్డంకి ఎండోసోమ్ దగ్గరేనన్న అనుమానం బలపడుతుంది. అయితే అది కణాలకు హానికరం కనుక పరీక్షకే పరిమితం చేయాలి.

సమస్య: అదే లిపిడ్‌తో ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీ సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) పనిచేస్తోంది, ప్లాస్మిడ్ (వలయాకార) డీఎన్‌ఏ పనిచేయడం లేదు.

కారణం, పరిష్కారం: ఇక్కడ లిపిడ్‌ను తప్పుపట్టడానికి లేదు. ఎంఆర్‌ఎన్‌ఏ కణద్రవ్యానికి చేరితే చాలు; డీఎన్‌ఏ కేంద్రకంలోకి కూడా చేరాలి, విభజన చెందని కణాలలో ఆ దారి దాదాపు మూసుకునే ఉంటుంది. చురుగ్గా విభజన చెందుతున్న కణాలను వాడాలి, లేదా ఎంఆర్‌ఎన్‌ఏతోనే కొనసాగాలి.

సమస్య: ప్రోటీన్ కనిపిస్తోంది, కానీ కణాలు చనిపోతున్నాయి.

కారణం, పరిష్కారం: 1987లో పరిచయమైన డోట్మా వంటి శాశ్వత ధనావేశ లిపిడ్లు మోతాదు మించితే కణత్వచాన్నే దెబ్బతీస్తాయి. లిపిడ్ పాళ్లు తగ్గించి, కొన్ని గంటల తర్వాత పోషక ద్రావణాన్ని మార్చాలి. ఈ లిపిడ్ల సమక్షంలో యాంటీబయాటిక్‌లు కణాలలోకి ఎక్కువగా చొరబడతాయి కాబట్టి ఆ సమయంలో వాటిని వాడకూడదు.