గ్రేట్ అలెగెనీ పాసేజ్‌లో సైకిల్ ఎక్కే ముందు

ఇది అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా సుమారు 240 కిలోమీటర్ల సైకిల్ దారి, చాలావరకు పాత రైలు దారే, పక్కన నది, కార్ల గోల లేదు. అలాగని ఏర్పాట్లు లేకుండా బయల్దేరకండి.

అన్నిటికంటే ముందు తేదీలు. బిగ్ శావేజ్ సొరంగాన్ని చలికాలంలో మూసేస్తారు, చుట్టుదారి సులువు కాదు, కాబట్టి టికెట్లు కొనకముందే అది తెరిచి ఉందో లేదో కనుక్కోండి. పొడవు కిలోమీటరు, ఎండాకాలంలోనూ లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది; ముందు వెనక లైట్లు ఛార్జ్ చేసుకోండి, పల్చటి జాకెట్ సంచిలో పైనే పెట్టుకోండి. బ్రష్ సొరంగంలో మాత్రం పక్కనే రైలు పట్టాలుంటాయి, రైలు వస్తోందంటే లోపలికి వెళ్లొద్దు, అది పోయేదాకా బయటే ఆగండి.

టైర్లు 35 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే హాయి. వాన పడితే దారిపై పరిచిన సున్నపురాయి పొడి తడి ముద్దలా గొలుసుకు, బ్రేకులకు పట్టేస్తుంది, అందుకే చిన్న బ్రష్, గొలుసు నూనె, అదనపు ట్యూబు, పంపు తప్పనిసరి.

కంబర్లాండ్ నుంచి మొదలుపెడితే 2,392 అడుగుల ఎత్తున్న ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (నదుల నీళ్లు రెండు దిక్కులుగా చీలే మిట్ట) దాకా దాదాపు 38 కిలోమీటర్లు ఎక్కుడే. వాలు తక్కువే, కానీ కాళ్లకు విశ్రాంతి ఉండదు! మొదటిసారైతే పిట్స్‌బర్గ్ వైపు నుంచే రమ్మంటాను.

మనకు ఎడమ అలవాటు కదా, అక్కడ కుడివైపు తొక్కాలి. ఎవరినైనా దాటాలంటే బెల్ కొట్టి ఎడమ నుంచి వెళ్లండి. లోయల్లో సిగ్నల్ పోతుంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.