పాత హయబూసాని ట్రాక్‌కి తీసుకెళ్లే ముందు

1999–2007 మధ్య వచ్చిన మొదటి తరం సుజుకి హయబూసా బైక్ ఉన్నవాళ్లు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ లాంటి రేస్ ట్రాక్ మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి. రోడ్డు మీద మాత్రం దయచేసి వద్దు.

టైర్ వయసు: గాడులు లోతుగా ఉన్నాయి కదా అని నమ్మొద్దు. టైర్ పక్కవైపు నాలుగు అంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం. ఏళ్ల తరబడి షెడ్డులో ఉండి గట్టిపడిన రబ్బరు, గంటకు 250 కి.మీ. దాటాక ఆ వేడికి పొరలు విడిపోవచ్చు, అప్పుడిక మీ చేతిలో ఏమీ ఉండదు.

గాలి: టైర్ చల్లగా ఉన్నప్పుడే చూడండి, ముందు, వెనక కంపెనీ చెప్పినంతే ఉండాలి.

బ్రేక్ ఆయిల్: టీ డికాక్షన్ రంగులోకి మారిందంటే వెంటనే మార్చేయండి. తేమ పట్టిన ఆయిల్ వేడికి మరిగితే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు.

చైన్: చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల లూజ్ చూడండి, పాత చైన్ అంతటా ఒకేలా సాగదు.

1999, 2000 మోడల్ అయితే సీటు కింద అల్యూమినియం సబ్‌ఫ్రేమ్‌కి (సీటు బరువు మోసే వెనక ఫ్రేమ్) పగుళ్లున్నాయేమో చూడండి. 2001 నుంచి అది స్టీల్.

స్పీడ్: జీపీఎస్‌తో కొలవండి, మీటర్ ఎక్కువే చూపిస్తుంది.